పొలంలో చెట్లు పెడదామంటే ఇంట్లో తలా ఒక మాట

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గరి పల్లె నుంచి వచ్చి విజయవాడలో టీచరుగా పనిచేస్తున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి విషయం వరకే చెబుతాను.

వాళ్ల నాన్నగారికి 71 ఏళ్లు. నాలుగెకరాల నల్లరేగడి, ఒకే చెక్క, దాదాపు నలుచదరం. తొమ్మిదేళ్లుగా ఆ ఊరి రైతే ఒకాయన కౌలుకు చేస్తున్నారు. మిరప వేస్తారు, ఎకరాకు 35 వేలు ఇస్తారు. ఇంటి దగ్గర రెండు గేదెలున్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు రావడంతో కౌలు రైతు భార్యే మేత కోసుకొచ్చి, సాయంత్రం పాలు కూడా పితికి పెడుతోంది. కౌలు డబ్బు, పాల డబ్బు, ఈ రెండిటి మీదే పెద్దవాళ్ల ఇల్లు గడుస్తోంది.

హైదరాబాదులో ఉద్యోగం చేసే తమ్ముడు ఒక ఏజెంటు మాటలు విని, కౌలు మాన్పించి పొలమంతా మహాగని కలపచెట్లు పెడదాం అంటున్నాడు. పదిహేనేళ్లకు ఎకరాకు కోటి వస్తుందట, చెట్లైతే ఎవరూ చూసుకోనక్కర్లేదట. నాన్నగారు ససేమిరా అంటున్నారు. గట్టు మీద తుమ్మచెట్లు ఉండేవని, నీడ కింద మిరప కాయడం లేదని తానే కొట్టించానని, మళ్లీ చెట్టు మాట ఎత్తొద్దని ఆయన పట్టు. ఈమెకేమో కొంత పైరు, కొంత చెట్లు, అమ్మ గేదెలకు మేత, అన్నీ కలిసేలా చేయాలని ఉంది. ఆ మాట అంటే "పెళ్లయి వెళ్లినదానివి, నీకెందుకు" అన్నాడట తమ్ముడు. ఉత్తరం వైపు పొలం పెదనాన్నగారి అబ్బాయిది. ఎప్పుడో వేపచెట్టు నీడ గురించి తగువై అప్పట్నుంచీ మాటల్లేవు. కౌలు సంగతి ఉగాది దాటగానే తేల్చుకోవాలి. "ఎవరి మాట నెగ్గాలన్న పంతం నాకు లేదండీ. తొమ్మిదేళ్ల నుంచి చేస్తున్న మనిషిని పొమ్మనడానికి మనసు రావడం లేదు. తమ్ముణ్ణి కాదంటే వాడికి కోపం. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో ముగ్గురూ చెట్ల గురించే మాట్లాడుతున్నట్టు ఉంది గానీ, ఎవరి బెంగ వాళ్లది. మీ తమ్ముడిది దూరంగా ఉన్న మనిషి బెంగ. పొలం చూసుకోలేకపోతున్నాను, నాన్న తర్వాత దీని సంగతేమిటి అని. నాన్నగారికి వచ్చే ఏడాది చేతిలో డబ్బులుంటాయా అన్న భయం. మీకేమో అమ్మ కష్టం, కౌలు రైతు కుటుంబం కళ్ల ముందు కనబడుతున్నాయి. ఏ చెట్టు పెట్టాలన్నది తేలాలంటే ముందు ఈ మూడూ ఎవరి నోటితో వాళ్లు బయటికి చెప్పుకోవాలి. లేకపోతే మీరు మునగ అంటే ఆయన మిరప అంటారు, తమ్ముడు మహాగని అంటాడు, వాదన అక్కడే తిరుగుతుంది.

ముందు నాన్నగారి మాట చూద్దాం, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. మిరపకు నిండా ఎండ కావాలి. నీడ పడినచోట పూత తగ్గుతుంది, మొక్క ఏపుగా సాగి కాపు పలచబడుతుంది. పైగా గట్టు మీది చెట్టు వేళ్లు చేలోకి పాకి నీళ్లూ ఎరువూ లాక్కుంటాయి. కాబట్టి "చెట్లు పెడితే ఏం కాదు నాన్నా" అనకండి. ఆయన అనుభవాన్ని కొట్టిపారేసినట్టవుతుంది. నీడ ఎటు పడుతుంది, ఎంత పడుతుంది అని ఆయనతో కలిసి లెక్క వేయండి.

ఆ లెక్క కష్టమేమీ కాదు. మీ వైపు మిరప ఆగస్టు నుంచి మార్చి దాకా చేలో ఉంటుంది. ఆ రోజుల్లో చాలావరకు సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. డిసెంబరు నెలాఖరులో మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు. అప్పుడు ముప్ఫై అడుగుల చెట్టు నీడ దాదాపు పాతిక అడుగులు, సూటిగా ఉత్తరానికి పడుతుంది. అంటే ఉత్తరపు గట్టు మీద చెట్టు పెడితే మీ చేలో పడాల్సిన నీడ పెదనాన్నగారి అబ్బాయి చేలో పడుతుంది. ఆనాటి తగువుకు మూలం ఇదే అయ్యుండొచ్చు. దక్షిణపు గట్టు మీద పెడితే నీడ మీ చేలోనే పడుతుంది, ఎవరూ మాట అనడానికి ఉండదు. నాలుగెకరాలు నలుచదరమైతే ఒక్కో పక్క 417 అడుగులు. దాని వెంట పాతిక అడుగుల మేర అంటే సుమారు 24 సెంట్లు. మీ కౌలు ధరలో చెప్పాలంటే 8,400 రూపాయలు. దక్షిణపు గట్టంతా చెట్లు పెట్టి, మండలు కొట్టకుండా వదిలేస్తే ఏటా పోయేది ఏ మాత్రమో చూపించడానికి ఈ లెక్క చాలు. నాన్నగారి భయానికి ఒక అంకె దొరికితే ఆయన మాట్లాడే తీరు మారుతుంది. డిసెంబరులో ఊరెళ్లినప్పుడు, మధ్యాహ్నం వేళ చేలో నిలబడి ఆ తుమ్మచెట్ల నీడ ఎందాకా వచ్చేదో పుల్లలు గుచ్చి చూపించమని ఆయన్నే అడగండి.

ఇక మహాగని సంగతి. ఎకరాకు కోటి అని చెప్పేవాళ్లు ఒక మాట చెప్పరు. ఆ పదిహేనేళ్లూ పెద్దవాళ్లు ఏం తినాలి? ఇప్పుడు వస్తున్న కౌలు ఏటా లక్షా నలభై వేలు. ధర పెరగదనుకున్నా పదిహేనేళ్లకు 21 లక్షలు. తమ్ముడు ఆ డబ్బు తన జీతంలోంచి ప్రతి ఏడాదీ అమ్మా నాన్నలకు పంపగలడా? పంపగలిగితే అది ఒక దారే, కాదనను. కానీ ఆ మాట ముందే తేలాలి.

చెట్టు విషయం కూడా చెప్పాలి. మహాగని, టేకు రెండూ నీరు ఇంకిపోయే నేలను కోరతాయి. మీది వానాకాలంలో నీరు నిలిచి, ఎండాకాలంలో నెర్రెలిచ్చే రేగడి. నెర్రె విచ్చినప్పుడు లేత మొక్కల వేళ్లు తెగిపోతాయి. మహాగనికి చిగురు తొలిచే పురుగు ఒకటి పడుతుంది. పైచిగురు చచ్చి పక్కకొమ్మలు లేస్తాయి, నిటారుగా రావలసిన మాను రెండుగా మూడుగా చీలుతుంది. కలపకు ధర పలికేది ఆ నిటారు మానుకే. అందులోనూ చేవ ఎక్కిన చెట్టుకే ధర, పదిహేనేళ్ల చెట్టులో చేవ ఎంత ఉంటుందో ఎవరూ ముందుగా హామీ ఇవ్వలేరు. టేకు లాంటి కలప కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. మీ తమ్ముణ్ణి ఏజెంటును ఒక్కటే అడగమనండి: మన రేగడి నేలల్లో మహాగని పెట్టి, పెంచి, కొట్టి, అమ్మిన రైతును ఒక్కణ్ణి చూపించు, కాటా చీటీ చూపించు అని. మొక్కలు అమ్మిన రసీదు చూపిస్తే కుదరదు.

"చూసుకోనక్కర్లేదు" అన్నది కూడా నిజం కాదు. మొదటి రెండు మూడు ఎండాకాలాలు నీళ్లు పోయాలి, కలుపు తీయాలి. మిరపకట్టె తగలబెట్టేటప్పుడు మంట అంటుకోకుండా చూడాలి. అన్నిటికీ మించి గొర్రెల మందలు. మిరప కోతలు అయ్యాక మీ వైపు మంద తోలించుకుంటారు, చేనుకు పెంట దొరుకుతుందని. ఒక్క రాత్రి చాలు, లేత మొక్కలు మొదలంటా కొరికేస్తాయి. ముళ్లకంప కట్టాలి, లేదా ఆ రెండేళ్లూ మంద మానుకోవాలి. మానుకుంటే ఆ ఎరువు నష్టం కౌలు రైతుది. ఇలా ప్రతి చెట్టు వెనకా ఒక మనిషి పని ఉంటుంది. ఆ మనిషి ఎవరన్నది మీ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మీ ఆలోచనలోనూ ఒక చిక్కుంది, చెప్పక తప్పదు. పైరు, చెట్లు, పశువులు మూడూ కలపాలన్నది మంచి ఆలోచన. ఇది కొత్తదీ కాదు. తాళ్లు, తుమ్మలు, వేపలు గట్ల మీద ఉండేవి, పశువులు చేలల్లో తిరిగేవి. కొల్లిపర, దుగ్గిరాల వైపు వెళ్తే అరటి నీడన పసుపు, కంద కనబడతాయి. తమలపాకు తోటల్లో తీగ పాకేది అవిసె చెట్టు మీదే. ఇలా చెట్లూ పైరూ కలిపి చేసే సాగు కోసం మన దేశం 2014లో జాతీయ విధానం కూడా తెచ్చింది, ప్రపంచంలో అలాంటిది అదే మొదటిదట. అయితే కొల్లిపర వాళ్లది కృష్ణ ఒండ్రు నేల, ఏడాది పొడుగునా నీళ్లు. అక్కడ చూసొచ్చి ఇక్కడ పెడితే పసుపు కుళ్లిపోతుంది. రెండోది, మీరుండేది విజయవాడలో. ఈ కలిపి చేసే సాగులో రోజూ చిన్న చిన్న పనులు ఉంటాయి. మండ కొట్టాలి, రొట్ట మోయాలి, కంచె చూడాలి. మీ మనసులో ఉన్న పొలంలో ఆ పనులు చేస్తున్నది ఎవరు? నిజం చెప్పాలంటే కౌలు రైతూ ఆయన భార్యే. అంటే వాళ్లను అడగకుండా మీరు వేసే ప్లాను వాళ్ల నెత్తిన పని పెంచే ప్లాను అవుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఒకటి, ఏమీ మార్చకుండా ఉండటం. ఇది పిరికితనం కాదు. కౌలు వస్తుంది, ఇల్లు గడుస్తుంది, తగువుండదు. కాకపోతే పెద్దవాళ్ల బతుకంతా ఒక్క మిరప మీద ఉంటుంది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి కళ్ల ముందే తోటలు దున్నేసిన సంగతి మీ ఊళ్లో ఎవర్ని అడిగినా చెబుతారు. కౌలు రైతు మునిగిన ఏడాది మీకు కౌలు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ దారిలో ఉంటూనే చేయగలిగిన పని ఒకటుంది. మిరప చుట్టూ రెండు మూడు వరసలు జొన్న వేయడం. పురుగును కొంత అడ్డుకుంటుందని వ్యవసాయ శాఖ వాళ్లు ఎలాగూ చెబుతూనే ఉంటారు. చెట్టు పెట్టనవసరం లేదు, గట్టు గొడవా రాదు.

రెండోది, దక్షిణపు గట్టు, పడమటి గట్టు మీద మాత్రమే చెట్లు. పడమర ఎందుకంటే మీ వైపు మే నెలలో వడగాలి ఆ దిక్కునుంచే వీస్తుంది. నల్లరేగడికి నల్లతుమ్మ, వేప పాతకాపులు. కానుగ ఆకు పశువులు పెద్దగా ముట్టవు కాబట్టి మందల బెడద తక్కువ. మేత కోసమైతే అవిసె, సుబాబుల్. సుబాబుల్ తొందరగా పెరుగుతుంది, కొట్టిన మొద్దు మళ్లీ చిగురిస్తుంది. కానీ కాయ ముదిరి గింజ రాలితే చేనంతా మొలుస్తుంది, పూత మీదే కొట్టెయ్యాలి. దాని ఆకులో ఒక విషగుణం ఉంది, మేతలో మూడో వంతు దాటిస్తే పశువుకు వెంట్రుకలు రాలతాయి, నీరసిస్తుంది. గొడ్డుకు మంచిదని అమ్మగారు గంపలకొద్దీ వేసేయకుండా చెప్పండి. అవిసె మెత్తటి చెట్టు, తుపానుకు విరుగుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ గాలి ఎలాంటిదో మీరూ చూశారు. వేళ్లు చేలోకి రాకుండా చెట్ల వరసకూ పైరుకూ మధ్య రెండడుగుల లోతు కందకం తీయించాలి. పూడినప్పుడల్లా మళ్లీ తీయాలి. పంట పూత మీద ఉన్నప్పుడు మండలు కొట్టాలి. ఈ రెండు పనులూ చేయకపోతే నాన్నగారు చెప్పిందే జరుగుతుంది.

ఇక్కడ మీలాంటి వాళ్లు సాధారణంగా మర్చిపోయే విషయం ఒకటి. మిరపకు మందులు విపరీతంగా కొడతారు. ఆ తుంపర గాలికి కొట్టుకొచ్చి గట్టు మీది ఆకుల మీద, సరిహద్దు జొన్న మీద పడుతుంది. ఆ ఆకు కోసి గేదెకు వేస్తే పాలలోకి దిగుతుంది. మందు కొట్టిన తర్వాత ఆ పక్క మేత కోయకూడదు. ఎన్నాళ్లు ఆగాలన్నది డబ్బా మీదున్న గడువును బట్టి ఉంటుంది. మిరప పక్కన పెంచిన మేతను ఏడాదిలో అన్ని రోజులూ వాడుకోవడానికి కుదరదన్నమాట. అందుకే నా మనసు మూడో దారి వైపు మొగ్గుతోంది.

ఆ మూడో దారి ఇది. నాలుగెకరాల్లో ఇంటికి దగ్గరగా ఉన్న కొస, అరెకరం గానీ ముప్పాతిక ఎకరం గానీ, మిరప నుంచి విడదీసి అమ్మగారి గేదెల కోసం కేటాయించడం. అందులో కొంత నేపియర్ గడ్డి, రెండు వరసల అవిసె, బోదె ఎత్తుగా పోసి దాని మీద నాలుగు మునగలు, పశువుల పాకకు పడమర పక్క ఒక వేప. మునగకు నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది కాబట్టి ఆ ఎత్తు తప్పదు. మేత దగ్గర్లోకి వస్తే, కౌలు రైతు భార్య రోజూ గట్లెమ్మట తిరిగి కోసుకొచ్చే శ్రమ తగ్గుతుంది. గేదెల పెంట ఆ చెక్కకే పోతుంది. మండే ఎండల్లో గేదె నల్లటి ఒంటితో నీడ లేక రొప్పుతూ ఉంటే పాలు పడిపోవడం అమ్మగారికి తెలిసిన సంగతే, పాక పక్కన వేప చేసే మేలు ముందు కనబడేది అక్కడే. దీని ఖర్చు స్పష్టం: అర ఎకరం కౌలు, ఏటా 17,500. ఆ డబ్బు మీరో తమ్ముడో పూడ్చాలి. మీరు పూడ్చగలనంటే తమ్ముడి కోపానికి పదును పోతుంది, ఎందుకంటే మీరు అడుగుతున్నది అతని భాగం కాదు.

భాగం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఆ పొలం తాతల నాటిదైతే 2005 హిందూ వారసత్వ చట్ట సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుంది. పెళ్లయినా ఉంది. నాన్నగారు కొనుక్కున్నదైతే ఆయన ఇష్టం. ఇది తమ్ముడితో పోట్లాడటానికి చెప్పడం లేదు. పదిహేనేళ్లు నిలబడే చెట్లు నాలుగెకరాల నిండా పెడితే, పంపకాలు జరగకుండానే పొలం ఎవరి చేతిలో ఉంటుందో తేల్చేసినట్టే. చెట్టు కొట్టేనాటికి నాన్నగారికి 86 ఏళ్లు. ఆ కలప ఎవరిది, ఎవరు సంతకం పెడతారు? అది ఇప్పుడే మాట్లాడుకుంటే మామూలు మాటగా పోతుంది. అప్పుడు మాట్లాడుకుంటే కోర్టుకు వెళ్తుంది. "నీకెందుకు" అన్న మాటకు జవాబు చెప్పకండి. "కలప ఎవరి పేరున రాద్దాం?" అని అడగండి చాలు.

తమ్ముడి మనసూ పూర్తిగా విరిచేయకండి. అతనికి కలపచెట్లు కావాలనుంటే పడమటి గట్టు మీద ఒక వరస అతనికి ఇవ్వండి. మొక్కలు, కంచె, మూడు వేసవుల నీళ్లు అతని ఖర్చు. పైన కరెంటు తీగలున్న చోట మాత్రం వద్దు. ఏ రకం పెట్టాలో ఏజెంటును అడగొద్దని చెప్పండి. లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధనా కేంద్రం మీ గుంటూరు పక్కనే ఉంది, మట్టి పరీక్ష ఫలితం పట్టుకుని ఇద్దరూ కలిసి వెళ్లండి. పశువుల మేత గురించి అడగాలన్నా లాంలోనే పశు పరిశోధనా కేంద్రం ఉంది. అక్కాతమ్ముళ్లు కలిసి వెళ్లడం వల్ల ఇంకో మేలుంది, ఇద్దరూ ఒకే మాట వింటారు.

అక్కాతమ్ముళ్లు మీరిద్దరూ మాట్లాడుకోవడానికి ముందే కూర్చోబెట్టి మాట్లాడాల్సింది కౌలు రైతు దంపతులతో. నాన్నగారి సమక్షంలోనే, మీ ఇంటి అరుగు మీదే. ఉగాది దాకా ఆగొద్దు, ఆయన పైరుకు విత్తనం, అప్పు చూసుకోవడానికి ముందే తెలియాలి. ఏ దారి పట్టినా ఆయనకు పోయే నేలకు తగ్గట్టు కౌలు తగ్గించండి. కాగితం మీద రాసుకోండి: చెట్లు నాన్నగారివి, మండలు కొట్టే పని ఎవరిది, కొట్టిన రొట్ట, పుల్ల ఎవరికి, మంద ఎప్పుడు తోలొచ్చు, చెట్టు చచ్చిపోతే అడిగేదుందా లేదా. ఆవిడ చేసే మేత పనికి, పాలు పితికే పనికి ఇప్పుడిస్తున్నదేమిటో మీరు రాయలేదు. కౌలుతో కలిపేసి మొహమాటం మీద నడుస్తుంటే దాన్ని విడదీసి జీతంగా గానీ పాలుగా గానీ ఇవ్వండి. మన రాష్ట్రంలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం మీద నాన్నగారు సంతకం పెడితేనే కౌలు రైతుకు కౌలు కార్డు వస్తుంది. అదుంటే ఆయన బ్యాంకుకు వెళ్లి పంట రుణం అడగగలడు, బీమా అడగగలడు. భూమి మీద హక్కు ఏమీ పోదని ఆ చట్టంలోనే ఉంది. చాలామంది పెద్దవాళ్లు ఆ భయంతోనే సంతకం పెట్టరు, మీ నాన్నగారికీ ఆ భయం ఉంటే ఈ మాట మీరే మెల్లగా చెప్పాలి. తొమ్మిదేళ్లు మీ నేలను నమ్ముకున్న మనిషికి మీరు చేయగలిగిన మేలు ఇది, చెట్లు పెట్టినా పెట్టకపోయినా.

పెదనాన్నగారి అబ్బాయి దగ్గరికి ఎవరు వెళ్లాలన్నది చివరి ప్రశ్న. మీరే వెళ్లండి. తగువు పడ్డది మగవాళ్లు, మీరు కారు. "అన్నయ్యా, ఉత్తరపు గట్టు మీద మేము ఏమీ పెట్టడం లేదు, పెట్టేది దక్షిణాన, పడమరన. మీ చేలోకి నీడ వస్తుందనిపిస్తే చెప్పు, కొట్టిస్తాం" అని మొక్కలు నాటకముందే చెప్పండి. జులైలో వానలు పడ్డాక నాటుకోవచ్చు, కాబట్టి దానికి టైముంది.

మీ అమ్మగారు ఏమంటున్నారో మాత్రం ఉత్తరంలో ఒక్క లైను కూడా లేదు. గేదెలు ఇంకెన్నాళ్లు పెట్టుకోవాలనుకుంటున్నారో ఆవిణ్ణి అడిగి మళ్లీ రాయండి. ఒకదాన్ని అమ్మేసి ఒక్కటే చాలనుకుంటే, పైన చెప్పిన అరెకరం పావెకరానికి తగ్గించుకోవచ్చు.